ఇంటిపేరు గుంటలు, ఒంటిపేరు గుంటలు

పేరు పెట్టడం అధికారానికి సంబంధించిన పని అని మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పిల్లకి లక్ష్మి అని పెట్టుకుంటే ఊరు దాన్ని లచ్చి చేసింది. పిల్లాడికి రామయ్య అని పెట్టుకుంటే రాముడుగాడు అయ్యాడు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, చావు కన్ను పడకూడదని పెంటయ్య అనీ పుల్లమ్మ అనీ పెట్టుకున్న పేర్లు తర్వాత బడి రిజిస్టర్లో మనల్ని చూసి నవ్వటానికి పనికొచ్చాయి. ఊరికి ఒక పేరుంటుంది. ఆ ఊరి చివర మన వాడకి మాత్రం కులమే పేరు. అందుకే పేర్ల జాబితా ఎక్కడ కనపడినా దాన్ని ఆగి, అనుమానంగా చదవటం మాకు అలవాటైంది.

ఈ వ్యాసంలో మేం చదవబోయే జాబితా భూమిది కాదు. శుక్రగ్రహం మీద ఉన్న కొండలకీ, గుంటలకీ, పీఠభూములకీ పెట్టిన పేర్లది. మాలో ఈ విషయం చర్చకొచ్చినప్పుడు, ‘భూమ్మీద సెంటు జాగా లేనోళ్లకి శుక్రుడి మీద గుంటలెందుకయ్యా’ అన్న మాట వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. దానికి చివర్లో జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాం. ప్రస్తుతానికి ఒక్క మాట. అక్కడ మనుషుల్లేరు, పొలాల్లేవు, పట్టాల్లేవు. ఎవరి ఆస్తీ పోదు, ఎవరి పరువూ పోదు. అలాంటి ఖాళీ పలక మీద ప్రపంచం పేర్లు రాసుకుంటూ పోతే, భారతదేశం తరఫున ఏ పేర్లు ఎక్కాయి? ఈ ప్రశ్నకి వచ్చే జవాబు శుక్రుడి గురించి తక్కువా, మన సమాజం గురించి ఎక్కువా చెబుతుంది.

1

ముందు ఈ పేర్లు ఎట్లా పెడతారో తెలుసుకోవాలి. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి ఈ అధికారం ఉంది. చంద్రుడి మీద పేర్ల గందరగోళాన్ని సరిచేసే పనితో మొదలుపెట్టి, వ్యోమనౌకలు మిగతా గ్రహాల చిత్రాలు తేవటం మొదలయ్యాక 1973లో గ్రహాల నామకరణానికే ఒక కార్యవర్గాన్ని పెట్టుకుంది. దాని కింద ఉపసంఘాలుంటాయి. ఆమోదం పొందిన పేర్ల పట్టికని అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్న ప్రభుత్వ భూగర్భ సర్వే విభాగం నిర్వహిస్తుంది.

పని జరిగే తీరు ఇది. ఒక చోటు గురించి పరిశోధకులు వ్యాసం రాయాల్సి వస్తుంది. పేరు లేకపోతే ప్రతిసారీ అక్షాంశ రేఖాంశాలు చెప్పుకోవాలి. అప్పుడు దరఖాస్తు పెడతారు. ఏ చోటు, ఏ పేరు, ఆ పేరు ఎవరిది, అది ఏ పుస్తకంలో ఉంది అని అందులో చెప్పాలి. ఉపసంఘం చూస్తుంది, కార్యవర్గం ఓటేస్తుంది, పట్టికలోకి ఎక్కుతుంది. బజార్లో డబ్బు తీసుకుని నక్షత్రాలకి పేర్లమ్మే వాళ్లకీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ డబ్బు చెల్లదు.

చూడటానికి ఎంత శుభ్రంగా ఉంది! కులం అడగరు, దేశం అడగరు. పైగా పేర్లు ప్రపంచంలోని అన్ని సంస్కృతుల నుంచీ రావాలని నియమాల్లోనే రాసుకున్నారు. మేం ఆ నియమం చిత్తశుద్ధిని శంకించటం లేదు. కానీ ఆ దరఖాస్తులో రెండు గళ్లున్నాయి. ఒకటి, ఆ చోటు మీద పరిశోధన చేస్తున్నది ఎవరు? రెండు, ఆ పేరు ఏ పుస్తకంలో ఉంది? ప్రయోగశాలా, గ్రంథాలయమూ. ఈ రెండు తలుపుల దగ్గరా మన దేశంలో ఎవరు ఎంతకాలం నిలబడిపోయారో మనకి తెలుసు. అంటే వడపోత పారిస్‌లోనో ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో మొదలవలేదు. పేరు అక్కడికి చేరేలోపే ఇక్కడ అయిపోయింది.

2

శుక్రుడి మీద ఎప్పుడూ దట్టమైన మబ్బులు. నేల దగ్గర వేడి సుమారు 460 డిగ్రీల సెల్సియస్, సీసం కరిగిపోతుంది. మామూలు కెమెరాకి పైనుంచి నేల కనపడదు. రాడార్ తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో పటం గీయాలి. 1989లో బయల్దేరిన అమెరికా వ్యోమనౌక మెజెల్లాన్ 1990 నుంచి 1994 దాకా చుట్టూ తిరిగి ఆ గ్రహాన్ని దాదాపు మొత్తం పటానికెక్కించింది. ఒక్కసారిగా వందల చోట్లకి పేర్లు కావాల్సి వచ్చింది.

యూరప్ వాళ్లకి ఈ గ్రహం వీనస్, ప్రేమదేవత. కాబట్టి దీని మీద అన్నీ ఆడపేర్లే ఉండాలని నిర్ణయం. ఆ నియమం గట్టిపడక ముందు, భూమ్మీంచి పంపిన రాడార్ కాలంలో పెట్టిన మూడు పేర్లే దీనికి మినహాయింపు. అవి ఆల్ఫా, బీటా, మాక్స్‌వెల్. మొదటి రెండూ గ్రీకు అక్షరాలు. మూడోది విద్యుదయస్కాంత సిద్ధాంతం చెప్పిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ పేరు. ఆ గ్రహంలో అన్నిటికంటే ఎత్తయిన పర్వతాలు, సగటు మట్టానికి సుమారు 11 కిలోమీటర్ల పైన, మాక్స్‌వెల్ మోంటెస్. ఆడవాళ్ల గ్రహంలో ఉన్న ఒకే ఒక్క మగాడు కొండ కొమ్మున కూర్చున్నాడన్న మాట.

ఆయన ఆనుకుని కూర్చున్న పీఠభూమి పేరేంటో తెలుసా? లక్ష్మీ ప్లానమ్. పీఠభూములకి సంపద దేవతల పేర్లు పెట్టాలన్నది నియమం. భూఖండాలంత పెద్దవాటికి ప్రేమదేవతలు, గట్లకి ఆకాశ దేవతలు, కరోనా అనే గుండ్రటి నిర్మాణాలకి పంట దేవతలు, భూదేవతలు. ఇట్లా ప్రతి రకానికీ ఒక పద్దు ఉంది. లక్ష్మి, ఉష, అదితి ఆ పద్దుల్లోకి ఎక్కారు. ప్లానమ్, మోంటెస్, టెర్రా, వాలిస్ లాంటి రకాల పేర్లన్నీ లాటిన్. లాటిన్ అంటే యూరప్ సంస్కృతం. మాట్లాడేవాళ్లు లేకపోయినా గౌరవం తగ్గని భాష. ఒక చచ్చిన భాష పక్కన ఇంకో చచ్చిన భాష ఇంత సులువుగా ఇమిడిపోవటంలో ఆశ్చర్యం లేదు.

తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మన భాషలో ఈ గ్రహం ఆడది కాదు. శుక్రుడు, అసురుల గురువు శుక్రాచార్యుడు. అసురులంటే ఓడిపోయిన మూలవాసులేనని ఫూలే కాలం నుంచీ మన ఉద్యమాలు చదువుతూ వచ్చాయి. ఆ చదువు ప్రకారం చూస్తే అసురగురువు నేల మీద ఇప్పుడు విష్ణుపత్ని పీఠం వేసుకుని ఉంది. పటం గీసినవాళ్లకి ఈ కథ తెలీదు, వాళ్ల తప్పు లేదు. కానీ ‘ప్రపంచ పురాణాల నుంచి’ అని ఒక పేరు తీసినప్పుడు, ఆ పురాణంలో రెండు పక్షాలున్నాయనీ, గెలిచిన పక్షం పేరే నిఘంటువులో దేశం మొత్తం పేరుగా నిలబడిందనీ ఈ చిన్న ఉదాహరణ గుర్తుచేస్తుంది.

3

ఇప్పుడు అసలు విషయం. శుక్రుడి మీద ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. వీటికి పేర్లు పెట్టడంలో ఒక కొలత పాటించారు. 20 కిలోమీటర్ల కంటే వెడల్పైన గుంటలకి చరిత్రలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ల పేర్లు, ఎక్కువగా ఇంటిపేర్లు. అంతకంటే చిన్నవాటికి వివిధ భాషల్లో ఆడవాళ్లకి మామూలుగా పెట్టుకునే ఒంటిపేర్లు. పెద్ద గుంట వెనక ఒక జీవితం ఉంటుంది, పుట్టిన సంవత్సరం, చేసిన పని ఉంటాయి. చిన్న గుంట వెనక మనిషి ఉండదు, ఉత్త పేరు. భారతీయ పేర్లలో ఇందిర, రాధిక అట్లా చిన్న గుంటలయ్యాయి. ఏ ఇందిర, ఏ రాధిక అని అడగటానికి లేదు. ఎవరూ కాదు.

ఈ పద్ధతి మనకి ఎంత పరిచయమో చూడండి. ఊళ్లో పెద్ద కులాలవాళ్లని ఇంటిపేరుతో చెబుతారు. ఫలానా వారి కోడలు, ఫలానా వారి తోట. మాదిగ ఆడమనిషికీ, చాకలి ఆడమనిషికీ ఒంటిపేరే, అదీ సగం విరిచి. కూలీల హాజరు పట్టీలో ఎల్లి, మల్లి, పోచి. వాళ్లకీ ఇంటిపేర్లున్నాయి. పిలిచే అవసరం ఎవరికీ రాలేదు. శుక్రుడి మీద కిలోమీటర్లు కొలిచి పెట్టిన తేడాని ఇక్కడ కులం కొలిచి పెట్టారు.

సరే, పెద్ద గుంటలకి ఎక్కిన భారత స్త్రీలెవరు? జోషీ అనే గుంట ఉంది. 1886లో అమెరికాలో వైద్యపట్టా తీసుకుని, మరుసటి ఏడాదే 22వ ఏట చనిపోయిన ఆనందీబాయి జోషి. మేధావి అనే గుంట ఉంది. అది పండిత రమాబాయి. జిరాద్ అనే గుంట ఉంది. ప్రసూతి వైద్యురాలు జెరూషా జిరాద్, ఆమె బెనే ఇజ్రాయెల్ యూదు సమాజం మనిషి. ముగ్గురూ గొప్పవాళ్లే. రమాబాయి గురించి అయితే మేం ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడం. బ్రాహ్మణ కులంలో పుట్టి, కులాంతర పెళ్లి చేసుకుని, వితంతువై, మతం మారి, ఛాందసుల చేత నానా తిట్లూ తిన్న మనిషి.

కానీ రెండు సంగతులు చూడాలి. ఒకటి, జోషీ అన్నదీ మేధావి అన్నదీ ఆ ఇద్దరికీ మొగుళ్ల వైపు నుంచి వచ్చిన పేర్లు. ఆడవాళ్ల గ్రహమని చెప్పి చివరికి మొగుడి ఇంటిపేరే చెక్కారు. రెండోది ఇంకా ముఖ్యం. 1887లో రమాబాయి ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి ‘అగ్రకుల హిందూ స్త్రీ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. తాను ఎవరి గురించి రాస్తోందో అట్ట మీదే నిజాయితీగా చెప్పింది. పటానికెక్కేసరికి ఆ విశేషణం రాలిపోయింది. అగ్రకుల స్త్రీ కాస్తా భారత స్త్రీ అయిపోయింది. ఈ రాలిపోవటమే మా విమర్శకి కేంద్రం. అగ్రకులాల వాళ్ల కులం పటంలో కనపడదు. మన కులం మాత్రం వాడ పేరులోనే ఉంటుంది.

ఆ రమాబాయి పుట్టకముందే, 1848లో, పుణేలో జోతిరావుతో కలిసి సావిత్రీబాయి ఫూలే బడి పెట్టింది. 1854లో కవితల పుస్తకం అచ్చేసింది. 1897లో ప్లేగు రోగులకి సేవచేస్తూ అదే రోగంతో పోయింది. ఆ బడిలో చదివిన మాంగ్ కులం పిల్ల ముక్తా సాల్వే 14 ఏళ్ల వయసులో మహర్, మాంగ్ కులాల దుఃఖం మీద రాసిన వ్యాసం 1855లో మరాఠీ పత్రిక ‘జ్ఞానోదయ’లో వచ్చింది. పెద్ద గుంటకి కావాల్సిన అర్హతల్లో వీళ్లకి తక్కువేంటి? మేం పేజీలు తిప్పి చదివిన జాబితాలో ఫూలే అన్న పేరు గానీ సాల్వే అన్న పేరు గానీ మాకు కనపడలేదు.

4

నియమావళిలో ఇంకో వాక్యం ఉంది. రాజకీయ, సైనిక, మత ప్రాముఖ్యం ఉన్న పేర్లు పెట్టకూడదు, 19వ శతాబ్దానికి ముందటి రాజకీయ వ్యక్తులకి మాత్రం మినహాయింపు. పైకి చూస్తే వివాదాలు రాకుండా చేసుకున్న జాగ్రత్త. ఏ దేశమూ తన నాయకుణ్ని ఆకాశానికెక్కించకుండా కట్టడి. మంచిదే.

అయితే దీన్ని మన వైపు నుంచి చదివి చూద్దాం. 19వ శతాబ్దానికి ముందు రాజకీయాల్లో ఉన్నది ఎవరు? రాజులు, రాణులు, మంత్రులు. మాక్స్‌వెల్ పర్వతాల వాలులోనే 100 కిలోమీటర్ల పైబడిన గుంట ఉంది, పేరు క్లియోపాత్రా. ఆమె సింహాసనానికి ఇప్పుడు రాజకీయం అంటదు. 19వ శతాబ్దం తర్వాత రాజకీయాల్లోకి వచ్చింది ఎవరు? బానిసలు, కూలీలు, ఆడవాళ్లు, అంటరానివాళ్లు. సరిగ్గా మనం గుమ్మం తొక్కే వేళకి తలుపేశారు. ఈ లెక్కన చూస్తే రిపబ్లికన్ పార్టీ ఈశ్వరీబాయికీ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఉపసభాపతిగా కూర్చున్న సదాలక్ష్మికీ అనర్హత పుట్టుకతో వచ్చిందే. చదువుకోవటం, చెరువులో నీళ్లు ముట్టుకోవటం, చెప్పులేసుకుని నడవటం కూడా రాజకీయమే అయిన జాతికి, రాజకీయం అంటని గొప్పతనం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక మతం సంగతి. లక్ష్మికి ప్రతి శుక్రవారం కోట్ల ఇళ్లల్లో దీపం పెడుతున్నారు. అయినా నియమావళి దృష్టిలో ఆమె మతం కాదు, పురాణం. సజీవంగా పూజలందుకునే దేవతని పాత కథల పద్దులో వేసుకుంటే మత నిషేధం వర్తించదు. ఈ వెసులుబాటు మా దేవతలకీ ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. అక్కడికే వస్తున్నాం.

2025లో కుజుడి మీద కేరళ పేర్లు కొన్ని ఆమోదం పొందాయి, అందులో పెరియార్ ఉంది. ఆ పేరు చూసి మనవాళ్లు సంబరపడబోయి ఆగాల్సి వచ్చింది. అది రామస్వామి పెరియార్ కాదు, పెరియార్ నది. నది వెళ్లొచ్చు, మనిషి వెళ్లలేడు.

5

మెజెల్లాన్ తీసిన రాడార్ చిత్రాల్లో శుక్రుడి దక్షిణార్ధగోళంలోని లాడా ప్రాంతానిది ఒకటి ఉంది. ఒక అగ్నిపర్వతం నుంచి లావా తూర్పుకి పారి, అడ్డొచ్చిన గట్టుని తెంపుకుని, అవతల సుమారు లక్ష చదరపు కిలోమీటర్ల మడుగై గడ్డకట్టింది. ఆ లావా బయల్దేరిన అగ్నిపర్వత బిలం పేరుని నాసా ఆ చిత్రం వివరణలో రాసింది. ఆ పేరు అమ్మవారు.

మేం మొదట నమ్మలేదు. మళ్లీ మళ్లీ చదివాం. లక్ష్మి కాదు, దుర్గ కాదు. అమ్మవారు. మన పల్లెల్లో వేపచెట్టు కింద, ఊరి పొలిమేరలో, రాయికి పసుపు రాస్తే అయ్యే అమ్మవారు. మసూచికి మన భాషలో ఉన్న పేరు కూడా అదే. ‘పిల్లకి అమ్మవారు పోసింది’ అంటే ఆ ఇంటికి ఎవరూ పోయేవాళ్లు కాదు. గట్టు తెంపుకుని పారిన నిప్పుకి ఆ పేరు చూసినప్పుడు మాకు ఒళ్లు జలదరించిన మాట నిజం. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు.

కానీ జలదరింపు విమర్శ కాదు. ఈ పేరు పుస్తకాల్లోకి ఎట్లా వచ్చిందని అడగాలి. తెలుగు, తమిళ పల్లెల దేవతల గురించి ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లో తెచ్చినదీ, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో తెచ్చినదీ ఉన్నాయి. వాళ్లకి ఈ కథలు చెప్పినవాళ్లలో, ఆ కొలుపుల్లో డప్పు కొట్టి పాడినవాళ్లలో మన కులాలవాళ్లున్నారు. బైండ్లవాళ్లు, ఆసాదులు, మాతంగులు. వాళ్ల నోట్లోంచి మిషనరీ కాగితం మీదికి, కాగితం నుంచి పురాణ నిఘంటువుల్లోకి ఇట్లాంటి పేర్లు వెళ్లాయి. వెళ్లేటప్పుడు వాడ ఇక్కడే ఉండిపోయింది. నిఘంటువులో అమ్మవారు ‘ద్రావిడ దేవత’, ‘హిందూ దేవత’. ఆమె కథ మోసినవాళ్ల పేరు లేదు.

దేవతల పద్దుల్లోనూ ఇట్లాంటిదే ఇంకోటి ఉంది. ప్రేమ, పంట, సంపద, వేట, యుద్ధం, ఆకాశం, అన్నిటికీ పద్దులున్నాయి. రోగం తెచ్చే, రోగం ఆపే దేవతలకి పద్దు లేదు. పోలేరమ్మా, పోచమ్మా, మైసమ్మా వెళ్లాలంటే ‘ఇతర దేవతలు’ అన్న గదిలోంచే వెళ్లాలి. మన దరఖాస్తు ఫారాల్లో ‘ఇతరులు’ అంటే అగ్రకులాలు. అక్కడ ‘ఇతరులు’ అంటే మన దేవతలు. మాట ఒకటే, తలకిందులైంది.

అమ్మవారి పేరు చూసి ఊరికే మురిసిపోవటం కూడా మాకు ఇష్టం లేదు. ఆ పేరు మీదే మన ఆడపిల్లల్ని జోగినులుగా వదిలారు. దాన్ని ఆపటానికి 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేయాల్సి వచ్చింది. మన దేవత అన్నంత మాత్రాన మనకి చేసిన అన్యాయం మాఫీ అయిపోదు. ఆమె పేరు గుర్తింపు పొందటం ఒక సంగతి, ఆమె పేరున నలిగినవాళ్ల చరిత్ర రాసుకోవటం ఇంకో సంగతి. రెండోది మన పని.

6

అయితే తలుపు ఎప్పటికీ మూసే ఉంటుందా? అదే జాబితాలో ఇంకో వరస చూడండి. వీట్లీ అనే పెద్ద గుంట ఉంది. పశ్చిమాఫ్రికా నుంచి చిన్నపిల్లగా ఎత్తుకొచ్చి బోస్టన్‌లో అమ్మేస్తే, బానిసగా ఉంటూనే 1773లో కవితా సంపుటి తెచ్చిన ఫిలిస్ వీట్లీ. టబ్‌మన్ అనే గుంట ఉంది. 1849లో బానిసత్వం నుంచి పారిపోయి, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి తనవాళ్లని విడిపించుకొచ్చిన హారియట్ టబ్‌మన్. ట్రూత్ అనే గుంట ఉంది, సోజర్నర్ ట్రూత్. ఆమె విషయంలో ఆ ఇంటిపేరు కూడా తండ్రిదీ యజమానిదీ కాదు, తనకి తాను పెట్టుకున్నది. టబ్‌మన్, ట్రూత్ చేసింది రాజకీయం కాదా? ముమ్మాటికీ రాజకీయమే. మరి ఎట్లా వెళ్లారు?

ఎవరో దయతలిస్తే వెళ్లలేదు. వాళ్ల జాతి ముందు వాళ్లని పాటల్లో దాచుకుంది. తర్వాత జీవితచరిత్రలు రాసుకుంది. పౌరహక్కుల ఉద్యమం వాళ్లని పాఠ్యపుస్తకాల్లోకి నెట్టింది. విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి అధ్యయన శాఖలొచ్చాయి. విజ్ఞాన సర్వస్వాల్లో ఆ పేర్లు లేకుండా అచ్చేయటం సిగ్గుచేటైన రోజు వచ్చింది. ఆ తర్వాత శుక్రుడి పటం గీసేవాడికి ఆ పేర్లు చేతికందే దూరంలో ఉన్నాయి. క్రమం ఇది. ముందు ఉద్యమం, తర్వాత పుస్తకం, ఆఖర్న ఆకాశం. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ జాతి నుంచి పోరాటం నేర్చుకున్నారు. ఈ రెండో మెట్టు, పుస్తకం మెట్టు, కూడా నేర్చుకోవాల్సి ఉంది.

పక్కనున్న బుధగ్రహం మీద ఇంకో ఉదాహరణ. అక్కడ గుంటలకి కవులు, కళాకారులు, సంగీతకారుల పేర్లు. యాభై ఏళ్లకు పైగా చరిత్రలో గుర్తింపు ఉండాలన్నది షరతు. కాళిదాసు ఉన్నాడు. తెలుగులో కీర్తనలు రాసిన త్యాగరాజు ఉన్నాడు. వాల్మీకి ఉన్నాడు, వ్యాసుడు ఉన్నాడు. గుర్రం జాషువా మాకు కనపడలేదు. మేఘాన్ని దూతగా పంపిన కవికి చోటు దొరికింది. గుళ్లోకి మనిషిని రానివ్వని దేశంలో గబ్బిలాన్ని దూతగా పంపిన కవికి దొరకలేదు. ‘గబ్బిలం’ 1941 నాటిది, జాషువా 1971లో పోయాడు. యాభై ఏళ్ల షరతు ఆయనకి అడ్డం కాదు. మరి అడ్డమేంటి? ఆ దరఖాస్తు చూసే మనిషి చేతికి జాషువా మీద బయటి ప్రపంచానికి చేరే పుస్తకాలు ఎన్ని ఇచ్చాం? ఈ ప్రశ్న అగ్రకులాల్ని అడిగే ముందు మమ్మల్ని మేం అడుక్కుంటున్నాం.

రెండో గడి ప్రయోగశాల. కుజుడి మీద పెద్ద గుంటలకి శాస్త్రవేత్తల పేర్లు, చిన్న గుంటలకి లక్షకి లోపు జనాభా ఉన్న ఊళ్ల పేర్లు. మన అనంతపురం వైపు రాయదుర్గం పేరుతో అక్కడ ఒక గుంట ఉంది. 2024లో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాశాల శాస్త్రవేత్తలు గుర్తించిన మూడు గుంటలకి లాల్, ముర్సాన్, హిల్సా అని పేర్లు వచ్చాయి. లాల్ అక్కడ పనిచేసిన శాస్త్రవేత్త దేవేంద్ర లాల్. ముర్సాన్, హిల్సా ఆ పనికి సంబంధించిన శాస్త్రవేత్తల సొంత ఊళ్లని పత్రికలు రాశాయి. పరిశోధకుడు తన ఊరిని తలుచుకోవటంలో తప్పు లేదు. మనలో ఒకడు ఆ గదిలో ఉంటే వాడూ తన ఊరినే తలుచుకుంటాడు. ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న. వాడు పరిశోధన దాకా వచ్చేలోపు ఎన్నిచోట్ల ఆపబడుతున్నాడో, ఎన్ని హాస్టల్ గదుల్లో ఒంటరిగా మిగిలిపోతున్నాడో విద్యార్థి మిత్రులకి మేం చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్ల పేర్ల గురించి నియమావళి ఒక మాట చెబుతుంది. అది పేర్లకి ఒక పెద్ద వనరు మాత్రమే, ఏ ఊరినీ ప్రత్యేకంగా స్మరించటం ఉద్దేశం కాదు అని. మనకి ఇది అర్థం కాని మాట. మనకి ఊరి పేరంటే తేదీ. కారంచేడు అంటే 1985. చుండూరు అంటే 1991. ముర్సాన్ ఉన్నది ఉత్తరప్రదేశ్‌లో హత్రాస్ జిల్లాలో. హత్రాస్ అంటే 2020, ఒక దళిత యువతి, కుటుంబాన్ని దూరంగా ఉంచి రాత్రికి రాత్రి పోలీసులే పెట్టిన చితి. స్మరణ లేకుండా ఊరి పేరు పలికే సౌఖ్యం అందరికీ సమానంగా పంచబడలేదు.

7

మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. సెంటు జాగా లేనివాళ్లకి ఈ గుంటలెందుకు?

గుంటలు అక్కర్లేదు. భూమ్మీద పేరుకి ఎంత ఖర్చవుతుందో మనకి అనుభవం. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978లో శాసనసభ తీర్మానిస్తే దళితవాడలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆ పేరు 1994 జనవరి 14న గానీ బోర్డు మీదికి రాలేదు. 2022 మేలో కోనసీమ జిల్లాకి ఆ పేరు చేరుస్తామంటే అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ కాలాయి. పేరు ఉత్త అక్షరాలే అయితే ఇళ్లెందుకు కాలుతాయి? పేరు వస్తే దాని వెనక మనిషి వస్తాడని, మనిషి వస్తే వాటా అడుగుతాడని వాళ్లకి తెలుసు. మనకంటే బాగా తెలుసు.

శుక్రుడి జాబితా మనకి పనికొచ్చేది ఇందుకే. అక్కడ వాటా లేదు, భూమి లేదు, ఓటు లేదు. అయినా మన పేరు లేదంటే, దానికి కారణం ఎవరో అడ్డుపడటం కూడా కాదు. అడ్డుపడాల్సిన అవసరమే రాలేదు. మన పేర్లు ఆ గుమ్మం దాకా నడిచి వెళ్లే దారే వేయలేదు. తగలబెట్టడం కళ్లకి కనపడుతుంది. దారి లేకపోవటం కనపడదు. కనపడని దాన్ని చూపించటమే పరిశోధకుల పని అని మేం అనుకుంటున్నాం.

కాబట్టి మేం ఎవరికీ వినతిపత్రం పంపమనటం లేదు. పని ఇక్కడుంది. తాడి నాగమ్మ లాంటి తొలితరం దళిత రచయిత్రి గురించి ఒక మంచి జీవితచరిత్ర ఇంగ్లీషులోనూ రావాలి. చిందు ఎల్లమ్మ ఆడిన పాత్రల్ని ఆమె పేరుతో, ఆమె కులం దాచకుండా, విజ్ఞాన సర్వస్వాల్లోకి ఎక్కించాలి. అమ్మవారి కథ పాడే బైండ్ల, ఆసాది కళాకారుల్ని రికార్డు చేసేటప్పుడు ‘సమాచారం ఇచ్చినవారు’ అని అడుగున చిన్న అక్షరాల్లో వేయకుండా, కథకులుగా పైన వేయాలి. భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం చదువుతున్న మన పిల్లల్ని ‘మనకెందుకురా అవన్నీ’ అనకుండా, ఆ గదుల్లో చివరిదాకా నిలబెట్టాలి.

ఈ పనిలో మన ఇంటిని కూడా చూసుకోవాలి. మన పత్రికలు, మన సభలు తయారుచేసే స్మరణ జాబితాల్లో ఆడవాళ్లెందరు? ఉన్న ఆడవాళ్లలో డక్కలి, చిందు, మాస్టీ కులాలవాళ్లెందరు? మన కరపత్రాల్లో కూడా నాయకుడికి ఇంటిపేరుంటుంది, వంట చేసిన అమ్మకి ఒంటిపేరే, కొన్నిసార్లు అదీ ఉండదు. శుక్రుడి మీద 20 కిలోమీటర్లు అని గీత గీసినవాళ్లని విమర్శించాం. మన దగ్గర ఆ గీత ఎక్కడుందో ఈసారి సభ కరపత్రం అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి చూసుకుందాం. ఎల్లి, మల్లి, పోచి అని హాజరు పట్టీలో మిగిలిపోయిన ఆ ఆడవాళ్ల పూర్తి పేర్లు అడిగి, ఇంటిపేరుతో సహా రాసుకుందాం. మొదలు అక్కడ.